ప్రొడక్షన్ ఏడీ అకౌంట్లను టెస్ట్ డొమైన్‌లోకి తేవడం: ఒక స్క్రిప్ట్ కేస్ స్టడీ

"ప్రొడక్షన్ యూజర్లని టెస్ట్ ఏడీలోకి కాపీ చేసి పెట్టండి" అని టికెట్ వచ్చింది. అంతే, ఆ ఒక్క లైనే. ఏడీ అంటే యాక్టివ్ డైరెక్టరీ, కంపెనీ యూజర్లు, గ్రూపుల వివరాలన్నీ ఉండే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ; ప్రొడక్షన్ అంటే జనం నిజంగా వాడుతున్నది. చదవగానే పూట గడిచేలోపు తేలిపోయే పనిలా కనిపిస్తుంది: ఇటు అకౌంట్లు చదివే గెట్-ఏడీయూజర్ కమాండ్, అటు వాటిని సృష్టించే న్యూ-ఏడీయూజర్, మధ్యలో ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక). పైగా అలాంటి స్క్రిప్ట్ ఒకటి అక్కడ అప్పటికే ఉంది, ఎవరో రాసిపెట్టి వేరే టీమ్‌కి వెళ్లిపోయారు. అది రోజూ రాత్రి నడుస్తోంది, ఎర్రర్ లేకుండా ముగుస్తోంది, అయినా టెస్టర్లు దాని మొహం చూడకుండా చేత్తో టెస్ట్1, టెస్ట్2 అని అకౌంట్లు పెట్టుకుని పని కానిచ్చేస్తున్నారు. ఎందుకని అడిగితే ఒకావిడ "ఆ అకౌంట్లలో పేరు తప్ప ఏమీ ఉండదండీ" అన్నారు. అసలు చిక్కు అదే.

సెటప్ చెప్తాను. ఒక అప్రూవల్ అప్లికేషన్. సెలవులు, బిల్లులు, కొనుగోళ్లు, ఏది పెట్టినా ఎవరు ఓకే చేయాలో యాక్టివ్ డైరెక్టరీలోని మేనేజర్ ఆట్రిబ్యూట్ (అకౌంట్‌లోని ఒక ఫీల్డ్) చూసి తేల్చుకుంటుంది, ఎవరికి ఏ పేజీ కనపడాలో గ్రూపులు చూసి నిర్ణయిస్తుంది. ప్రొడక్షన్‌లో పదివేలకు పైబడి అకౌంట్లు. టెస్ట్ డొమైన్ వేరే ఫారెస్ట్ (పూర్తిగా విడిగా ఉండే ఏడీ), రెండింటి మధ్య ట్రస్ట్ (ఒకదాని అకౌంట్లని ఇంకోటి నమ్మే ఏర్పాటు) లేదు, ఉండకూడదు కూడా. టెస్ట్‌లో అన్నీ పాస్ అవుతున్నాయి, లైవ్‌కి వెళ్లగానే కొందరికి పేజీయే తెరుచుకోవడం లేదు, కొన్ని రిక్వెస్టులు ఎవరి దగ్గరకూ చేరకుండా సర్వర్ సీపీయూని తినేస్తున్నాయి, ఇంటి పేరు మధ్యలో అపాస్ట్రఫీ ఉన్న వ్యక్తిని వెతికితే సెర్చ్ కూలిపోతోంది.

ఈ మూడు బగ్గులూ కోడ్‌లోనే ఉన్నాయి, నిజమే. కానీ మూడూ టెస్ట్‌లో ఎందుకు దొరకలేదంటే వాటిని బయటపెట్టే అకౌంట్లు టెస్ట్‌లో లేవు కాబట్టి. పేజీ తెరుచుకోని వాళ్లంతా ఏళ్ల తరబడి పనిచేస్తూ గ్రూపులు పోగేసుకున్నవాళ్లు. సీపీయూ తినేసిన రిక్వెస్టులు ఒక పెద్దాయన కింద ఉన్న శాఖవి, ఆయనకి మేనేజర్‌గా ఆయన పేరే పెట్టి ఉంది. ఏడీ దానికి అడ్డు చెప్పదు, పైకి వెళ్తూ వెళ్తూ ఎక్కడ ఆగాలో అప్లికేషన్‌కి తెలియలేదు. కాబట్టి అకౌంట్లు కాపీ చేయడం అంటే పేర్లు కాపీ చేయడం కాదు, ఆ పేర్ల చుట్టూ అల్లుకున్న సంబంధాల్నీ, వాటిలోని వంకరల్నీ తేవడం. అదే సమయంలో మనుషుల్ని మాత్రం తేకూడదు. స్క్రిప్ట్‌లో కష్టమంతా ఈ రెండు షరతులు ఒకదానితో ఒకటి గొడవపడే చోట ఉంది.

వద్దనుకున్న దారులు

మొదటి సలహా ఎప్పుడూ ఒకటే: ఒక డీసీ (డొమైన్ కంట్రోలర్, అంటే ఏడీ నడిచే సర్వర్) బ్యాకప్ తీసి, విడి నెట్‌వర్క్‌లో రీస్టోర్ చేసేద్దాం. ఎస్‌ఐడీలు (విండోస్ ప్రతి అకౌంట్‌కీ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), గ్రూపులు, మేనేజర్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తాయి. ఫారెస్ట్ రికవరీ రిహార్సల్‌కో, స్కీమా (ఏయే ఆట్రిబ్యూట్లు ఉండొచ్చో చెప్పే నిర్వచనాలు) అప్‌గ్రేడ్ ముందు ప్రయోగానికో అది సరైన దారే, నేనూ అదే చేస్తాను. ఇక్కడ మాత్రం కాదు. ఏడీ డేటా ఉండే ఎన్‌టీడీఎస్ డేటాబేస్‌తో పాటు ప్రతి మనిషి పాస్‌వర్డ్ హాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన ముద్ర), డొమైన్ లాగిన్ టికెట్లకి మూలమైన కేఆర్‌బీటీజీటీ కీ కూడా వచ్చేస్తాయి. విండోస్ వాడే ఎన్‌టీ హాష్‌కి సాల్ట్ (ఒకే పాస్‌వర్డ్‌కి వేర్వేరు హాష్‌లు వచ్చేలా కలిపే రాండమ్ ముక్క) ఉండదు, దాన్ని విరగ్గొట్టాల్సిన పని కూడా లేదు, హాష్‌ని అలాగే వాడి లాగిన్ అయ్యే పద్ధతులున్నాయి. సగం మంది డెవలపర్లకి లోకల్ అడ్మిన్ ఉన్న చోటికి అది చేరితే ప్రొడక్షన్ తాళం గుత్తి అక్కడ పెట్టినట్టే.

రెండోది ఎల్‌డీఐఎఫ్‌డీఈ, ఏడీ డేటాని ఫైలుగా తీసి మళ్లీ ఎక్కించే కమాండ్. పాత టూల్ అని చిన్నచూపు చూడక్కర్లేదు, విండోస్ 2000తో వచ్చినా ఇప్పటికీ పనికొస్తుంది. మైనస్ సీ స్విచ్‌తో డొమైన్ డీఎన్ (డైరెక్టరీలో ఆబ్జెక్ట్ పూర్తి చిరునామా) మార్చేస్తుంది, మైనస్ ఎం స్విచ్‌తో ఆబ్జెక్ట్‌ఎస్‌ఐడీ, ఆబ్జెక్ట్‌జీయూఐడీ లాంటి సిస్టమే ఇచ్చే గుర్తులు వదిలేస్తుంది. ఓయూ (అకౌంట్లని ఉంచే ఫోల్డర్ లాంటిది) చెట్టు తరలించడానికి దాన్నే వాడాం. అకౌంట్లకి కుదరలేదు, ఎందుకంటే మధ్యలో డేటాని మార్చాలి, ఆ పనికి అది పుట్టలేదు. దాని తమ్ముడు సీఎస్‌వీడీఈ అయితే కొత్తవి చేర్చడమే గానీ ఉన్నవాటిని సవరించలేదు, పాస్‌వర్డ్ పెట్టలేదు.

మిగిలింది పవర్‌షెల్ (విండోస్ స్క్రిప్టింగ్ భాష), దానికి సర్వర్ 2008 ఆర్2 నుంచి ఉన్న ఏడీ మాడ్యూల్.

ఏం తేవాలి

పాత స్క్రిప్ట్ ఎందుకు ఖాళీ అకౌంట్లు ఇచ్చిందో ఇక్కడ తేలిపోయింది. ప్రాపర్టీస్ పారామీటర్‌లో పేరుపెట్టి అడగనిది గెట్-ఏడీయూజర్ తేదు, దానంతట అది తెచ్చేది పది ఆట్రిబ్యూట్లే: పేరు, డీఎన్, ఎస్‌ఐడీ, యూపీఎన్ (ఈమెయిల్ ఆకారంలో ఉండే లాగిన్ పేరు) లాంటివి. మేనేజర్ అందులో లేదు, టైటిల్ లేదు, డిపార్ట్‌మెంట్ లేదు. ఎర్రర్ ఏమీ రాదు, ఆ కాలమ్ ఖాళీగా వస్తుంది. సరే అన్నీ తెచ్చే స్టార్ గుర్తు పెట్టేద్దాం అనుకుంటే ఇంకో పక్కకి పడిపోతాం. అప్పుడు ఇంటి ఫోన్ నంబర్లు, ఫోటోలు, ఎవరో హెచ్‌ఆర్ టూల్ వాళ్లు ఇన్ఫో ఫీల్డ్‌లో రాసిపెట్టిన నోట్సు అన్నీ వచ్చేస్తాయి.

అందుకే "అన్నీ తెచ్చి, కొన్ని తీసేద్దాం" అనే పద్ధతిని మొదట్లోనే కొట్టేశాం. ఎవరైనా రేపు స్కీమాలో కొత్త ఆట్రిబ్యూట్ చేరిస్తే అది ఎవరికీ తెలియకుండా టెస్ట్‌లోకి కారిపోతుంది. తేవాల్సినవాటి జాబితా రాసి, అందులో లేనిది ఏదైనా రాదు అని పెట్టుకున్నాం. జాబితా రాయడానికి అప్లికేషన్ టీమ్‌ని అడిగితే వచ్చిన జవాబు సగమే నిజం. డీసీ మీద ఎల్‌డీఏపీ (డైరెక్టరీని అడిగే ప్రోటోకాల్) క్వెరీల లాగింగ్ పెంచి, అప్లికేషన్ ఏయే ఫిల్టర్లు, ఏయే ఆట్రిబ్యూట్లు అడుగుతోందో చూస్తే మిగతా సగం తెలిసింది. ఇలాంటి పనిలో డాక్యుమెంటేషన్ కన్నా లాగ్‌ని నమ్మడం మేలు.

జాబితాలో ఒక చిక్కు: ఎక్స్‌టెన్షన్‌ఆట్రిబ్యూట్ 1 నుంచి 15 వరకు ఉన్నవి ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) స్కీమాతో వస్తాయి. టెస్ట్ ఫారెస్ట్‌లో ఎక్స్ఛేంజ్ ఎప్పుడూ పెట్టలేదు, కాబట్టి అక్కడ అవి లేనే లేవు, రాయబోతే ఎర్రర్. కాస్ట్ సెంటర్ కోడ్ వాటిలో ఒకదాంట్లో ఉంది, అప్లికేషన్‌కి అది కావాలి. టెస్ట్ ఫారెస్ట్ స్కీమాని ఎక్స్ఛేంజ్ సెటప్‌తో పొడిగించాం, ఎక్స్ఛేంజ్‌ని ఇన్‌స్టాల్ చేయలేదు. స్కీమా మార్పు వెనక్కి తీసుకోలేనిది అని కాస్త టెన్షన్ పడ్డారు గానీ టెస్ట్ ఫారెస్ట్ ఉన్నది అందుకే కదా.

రెండు ముక్కలు

ఒకే స్క్రిప్ట్ రెండు డొమైన్లతో మాట్లాడకూడదు అన్నది మేము పెట్టుకున్న మొదటి నియమం. ఎక్స్‌పోర్ట్ ముక్క ప్రొడక్షన్ వైపు, చదివే హక్కు మాత్రమే ఉన్న అకౌంట్‌తో నడుస్తుంది. ఇంపోర్ట్ ముక్క టెస్ట్ వైపు, ఒక్క ఓయూ మీద హక్కులిచ్చిన అకౌంట్‌తో నడుస్తుంది, డొమైన్ అడ్మిన్ కాదు. మధ్యలో ప్రయాణించేది ఒక ఫైలు. మాస్కింగ్ (అసలు వివరాల బదులు దొంగవి పెట్టడం) అంతా ఎక్స్‌పోర్ట్ వైపే ముగిసిపోవాలి, అసలు పేర్లున్న ఫైలు అనేదే డిస్క్ మీద పుట్టకూడదు.

ఇంపోర్ట్ మొదలవగానే చేసే పని డొమైన్ ఎస్‌ఐడీ చూడటం. స్క్రిప్ట్‌లో రాసిపెట్టిన టెస్ట్ ఎస్‌ఐడీతో సరిపోలకపోతే అక్కడే ఆగిపోతుంది. పేరు చూస్తే చాలదా అని ఒకరు అడిగారు. చాలదు, రెండు ల్యాబ్‌లకి ఒకే నెట్‌బయాస్ పేరు (డొమైన్ పొట్టి పేరు) ఉండటం నేను చూశాను. ఆ తర్వాత డీఫాల్ట్ పారామీటర్ వాల్యూస్‌లో ప్రతి ఏడీ కమాండ్‌కీ సర్వర్‌గా ఒకే డీసీని కట్టేస్తాం. ఇది పొరపాటు డొమైన్‌కి రాయకుండా కాపాడుతుంది, ఇంకో లాభం కూడా ఉంది: ఒక డీసీలో అకౌంట్ సృష్టించి, మరుక్షణం దాన్ని ఇంకో డీసీలో వెతికితే రెప్లికేషన్ (డీసీల మధ్య మార్పుల చేరవేత) అందక "దొరకలేదు" అంటుంది. నాలుగుసార్లలో ఒకసారి ఫెయిలయ్యే స్క్రిప్ట్ అని పేరుపడ్డవాటిలో చాలావాటి రోగం ఇదే.

ఫైలుకి సీఎస్‌వీ వాడలేదు. గ్రూపులు, ప్రాక్సీఅడ్రసెస్ (మనిషికున్న మెయిల్ అడ్రసులన్నీ) లాంటి బహుళ విలువల ఆట్రిబ్యూట్లని ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీకి ఇస్తే విలువల బదులు ఆ కలెక్షన్ క్లాస్ పేరు అచ్చవుతుంది, పాత స్క్రిప్ట్ ఫైల్లో ఆ కాలమ్ నిండా ప్రతి వరుసలోనూ మైక్రోసాఫ్ట్ డాట్ యాక్టివ్‌డైరెక్టరీ డాట్ అంటూ అదే మంత్రం. పైగా విండోస్ పవర్‌షెల్ 5.1లో ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ డీఫాల్ట్‌గా ఆస్కీలో (మామూలు ఇంగ్లీషు అక్షరాలే ఉన్న కోడ్) రాస్తుంది, ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఉచ్చారణ గుర్తులున్న అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. వెర్షన్ 6 నుంచి యూటీఎఫ్-8. ఎవరైనా మధ్యలో ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ఉద్యోగి నంబర్ల ముందున్న సున్నాలు కూడా హరీ. మేము ఆబ్జెక్టుల్ని ఆకారం చెడకుండా ఎక్స్‌ఎంఎల్‌గా రాసే ఎక్స్‌పోర్ట్-సీఎల్‌ఐఎక్స్‌ఎంఎల్ వాడాం. జేసన్ కూడా బాగానే ఉంటుంది, కాకపోతే కన్వర్ట్‌టు-జేసన్‌లో డెప్త్ డీఫాల్ట్ 2 అని గుర్తుంచుకోవాలి, అంతకన్నా లోతున్నవి స్ట్రింగులుగా చదునైపోతాయి.

మాస్కింగ్

ఎక్కువ ఆలోచన పట్టింది ఇక్కడ. పేర్లని రాండమ్‌గా మార్చేస్తే ప్రతి రిఫ్రెష్‌కీ ప్రతి మనిషీ కొత్త మనిషైపోతాడు, నిన్నటి టెస్ట్ డేటా ఇవాళ ఎవరిదో తెలియదు. కాబట్టి ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడూ ఒకే అవుట్‌పుట్ రావాలి. దానికి మామూలు హాష్ వాడితే ఎవరైనా పేర్ల జాబితా తీసుకుని అన్నిటినీ హాష్ చేసి పోల్చుకుంటారు. అందుకని హెచ్‌మ్యాక్, అంటే రహస్య కీ కలిపి లెక్కగట్టే హాష్, ఎస్‌హెచ్‌ఏ-256తో. కీ ప్రొడక్షన్ వైపే ఉంటుంది, దాటి రాదు. ప్రతి అకౌంట్ ఆబ్జెక్ట్‌జీయూఐడీని హెచ్‌మ్యాక్ చేసి ఒక టోకెన్ తీస్తాం, అదే టెస్ట్‌లో ఆ మనిషి శాశ్వత గుర్తు. శామ్‌అకౌంట్‌నేమ్ (లాగిన్ పేరు) వాడొచ్చుగా అంటే, జనం పెళ్లి తర్వాతో, పేరు దిద్దుకున్నాకో లాగిన్ మార్పించుకుంటారు. జీయూఐడీ మారదు.

పేర్ల విషయంలో మాత్రం జీయూఐడీ పనికిరాదు, ఎందుకో చూడండి. ప్రొడక్షన్‌లో అచ్చంగా ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే అప్లికేషన్‌లో వ్యక్తిని ఎంచుకునే డబ్బాలో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఎవరిని ఎంచుకోవాలో తెలియక బిల్లు తప్పు మనిషికి వెళ్తుంది. ఇది టెస్ట్ చేయాల్సిన విషయం. జీయూఐడీని బట్టి దొంగ పేరు ఎంచితే ఆ ఇద్దరికీ వేర్వేరు పేర్లొచ్చి సమస్య మాయమైపోతుంది. అందుకని పేరునీ ఇంటి పేరునీ విడివిడిగా, ఆ పదాన్నే హెచ్‌మ్యాక్ చేసి పేర్ల గంపలోంచి ఒకటి తీస్తాం. ఒకే ఇంటి పేరువాళ్లకి ఒకే దొంగ ఇంటి పేరు వస్తుంది, డూప్లికేట్లు డూప్లికేట్లుగానే మిగులుతాయి.

దీనికో ఖర్చుంది. అసలు డైరెక్టరీలో ఎక్కువమందికి ఉన్న ఇంటి పేరు ఏదో ఊహించగలిగితే, టెస్ట్‌లో ఎక్కువసార్లు కనిపించే దొంగ పేరుతో దాన్ని జత చేయొచ్చు. సెక్యూరిటీ ఆయన ఈ మాట వెంటనే పట్టుకున్నారు. కూర్చుని మాట్లాడుకున్నాక, ఇంటి పేరు ఒక్కటి తెలిసినంత మాత్రాన మనిషి తెలియడు, ఆ మేరకు ఫర్వాలేదు అని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆయన లేవనెత్తిన రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: "పేరు మార్చారు సరే, చెట్టు పైన కూర్చున్నది ఎవరో పేరు లేకపోయినా తెలుస్తుంది కదండీ?" నిజం. మేనేజర్ లేని, కింద అందరూ ఉన్న అకౌంట్ ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్తారు. హయరార్కీ అప్లికేషన్‌కి ప్రాణం, దాన్ని చెరపలేం. పై అంచెల్లో టైటిళ్లని మాత్రం "అధికారి, అంచె 1" లాగా మొద్దుబారేలా చేశాం, ఆ కొద్దిమందికి ఫోన్, ఆఫీసు, కాస్ట్ సెంటర్ కల్పితం.

పేర్ల గంపని కూడా ఆకారం బట్టి విడదీశాం. అపాస్ట్రఫీ ఉన్న పేరుకి అపాస్ట్రఫీ ఉన్న పేరే, హైఫన్‌కి హైఫన్, ఉచ్చారణ గుర్తులున్నవాటికి గుర్తులున్నవే, రెండక్షరాల ఇంటి పేరుకి రెండక్షరాలది, బాగా పొడవాటిదానికి పొడవాటిది. ఇంటి పేరే లేని అకౌంట్లు కూడా ఉంటాయి, వాటిని ఖాళీగానే వదిలేశాం. డేటాని శుభ్రం చేయాలనే తాపత్రయం ఇక్కడ శత్రువు. మంచి టెస్ట్ డేటా అంటే ప్రొడక్షన్ ఎంత మురికిగా ఉందో అంత మురికిగా ఉండాలి.

లాగిన్ పేరుకి టోకెన్ ముక్కని వాడాం, కానీ అసలు లాగిన్ ఎంత పొడవో అంతకి కత్తిరించి, కనీసం ఎనిమిది అక్షరాలు ఉండేలా. యూజర్ల శామ్‌అకౌంట్‌నేమ్‌కి హద్దు 20 అక్షరాలు, సరిగ్గా ఆ అంచున ఉన్నవాళ్లు కొందరున్నారు, అప్లికేషన్ డేటాబేస్ కాలమ్ చిన్నదైతే తెలిసేది వాళ్లతోనే.

మెయిల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. పాత స్క్రిప్ట్ మెయిల్ అడ్రసుల్ని యథాతథంగా తెచ్చింది, టెస్ట్ సర్వర్‌కి మెయిల్ రిలే తెరిచే ఉంది, ఒక రోజు నిజమైన ఉద్యోగులకి "మీ సెలవు తిరస్కరించబడింది" అని మెయిళ్లు వెళ్లాయి. అడ్రసులన్నిటినీ డాట్ టెస్ట్‌తో ముగిసేలా మార్చాం. ఆర్‌ఎఫ్‌సీ 2606 అనే ఇంటర్నెట్ పత్రం ఆ చివరి పేరుని 1999లోనే పరీక్షల కోసం పక్కన పెట్టింది, అది బయట ఎవరి డొమైనూ కాదు. తామే ఒక ఉత్తుత్తి డాట్‌కామ్ పేరు కల్పించి పెట్టుకునేవాళ్లని చూస్తుంటాను, రేపు ఎవరో దాన్ని కొనుక్కుంటే మెయిళ్లన్నీ వాళ్లకే. ప్రాక్సీఅడ్రసెస్, టార్గెట్‌అడ్రస్ (మెయిల్ దారి మళ్లించే అడ్రసు) కూడా మరిచిపోవద్దు, మెయిల్ ఫీల్డ్ ఒక్కటి మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇంపోర్ట్

క్రమం ముఖ్యం. మేనేజర్ ఆట్రిబ్యూట్‌లో ఉండేది ఒక డీఎన్, ఆ డీఎన్ గల ఆబ్జెక్ట్ అప్పటికే ఉండాలి, లేకపోతే రాయనివ్వదు. కాబట్టి ఒక్క దఫాలో అవ్వదు. మొదట ఓయూలు, పై నుంచి కిందికి. తర్వాత మేనేజర్ లేకుండా అకౌంట్లన్నీ. ఆ తర్వాత గ్రూపులు ఖాళీగా. చివరికి మేనేజర్లు, సభ్యత్వాలు. ఎక్స్‌పోర్ట్‌లో మేనేజర్ డీఎన్‌ని అలాగే తేకుండా మేనేజర్ టోకెన్‌గా మార్చి తెస్తాం, ఇంపోర్ట్‌లో టోకెన్ నుంచి కొత్త డీఎన్‌కి ఒక హాష్‌టేబుల్ (వెంటనే వెతికిచ్చే పట్టిక) ఉంటుంది. లూప్‌లో ఒక్కొక్కరికీ గెట్-ఏడీయూజర్ ఫిల్టర్‌తో వెతికే అలవాటు మానేయండి, నెమ్మది సంగతి అటుంచి, పేరులో అపాస్ట్రఫీ ఉంటే ఫిల్టర్ స్ట్రింగే విరిగిపోతుంది. అంటే అప్లికేషన్‌లో ఉన్న బగ్గే మన స్క్రిప్ట్‌లోనూ.

సభ్యత్వాన్ని మెంబర్‌ఆఫ్‌కి రాయలేం, అది గ్రూపులోని మెంబర్‌కి నీడ మాత్రమే. గ్రూపు వైపు నుంచే రాయాలి. చదివేటప్పుడు కూడా గెట్-ఏడీగ్రూప్‌మెంబర్ కాకుండా గ్రూపు మెంబర్ ఆట్రిబ్యూట్‌నే తీసుకున్నాం, ఎందుకంటే ఏడీ వెబ్ సర్వీసెస్ ఆ కమాండ్‌కి డీఫాల్ట్‌గా 5,000 దగ్గర గీత గీస్తుంది. ప్రైమరీ గ్రూపు ఈ జాబితాల్లో కనిపించదు, అది 513 అనే అంకె రూపంలో అకౌంట్ మీదే ఉంటుంది, అంటే డొమైన్ యూజర్స్. దాన్ని మార్చిపెట్టిన అకౌంట్లు కొన్ని ఉంటే, ముందు ఆ గ్రూపులో సభ్యుణ్ణి చేసి, ఆ తర్వాతే ప్రైమరీగా మార్చాలి.

గ్రూపులన్నీ తేవాలా అన్నది ఇంకో వాదన. గ్రూపు పేర్లు కూడా రహస్యాలు చెప్తాయి, విలీనాల ప్రాజెక్టు పేరుతో ఒక గ్రూపుంటే చాలదూ. అప్లికేషన్ వాడేవి అసలు పేరుతో, మిగతావన్నీ టోకెన్ పేరుతో తెచ్చాం. అవసరం లేనివి ఎందుకు తెచ్చామంటే, పేజీ తెరుచుకోని బగ్ వాటివల్లే. ఏడీ లాగిన్ పద్ధతి కెర్బెరోస్‌లో మనిషి గ్రూపుల్ని మోసుకెళ్లే టోకెన్ (మన హెచ్‌మ్యాక్ టోకెన్ కాదు) సైజుకి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉజ్జాయింపు లెక్క 1200 + 40డి + 8ఎస్: డొమైన్ లోకల్ గ్రూపు ఒక్కోటి 40 బైట్లు, అదే డొమైన్‌లోని గ్లోబల్ గ్రూపు ఒక్కోటి 8 బైట్లు. ఒక మనిషికి 270 డొమైన్ లోకల్ గ్రూపులుంటే అక్కడికే 12,000 బైట్లు, హెడర్‌లో పంపడానికి అక్షరాలుగా, అంటే బేస్64లోకి మారితే 16,000. విండోస్ వెబ్ సర్వర్‌లో ఒక్కో హెడర్‌కి డీఫాల్ట్ హద్దు 16,384. ఇంకొన్ని గ్రూపులు తోడైతే అప్లికేషన్ కోడ్ దాకా రాకుండానే 400 ఎర్రర్. అందుకే గ్రూపుల సంఖ్య ఒక్కటే కాదు, స్కోప్ (డొమైన్ లోకల్, గ్లోబల్ అనే రకం) కూడా అలాగే ఉంచాం, డొమైన్ లోకల్‌ని గ్లోబల్‌గా మారిస్తే ఆ మనిషి కెర్బెరోస్ టోకెన్ చిక్కిపోయి బగ్ మళ్లీ దాక్కుంటుంది.

న్యూ-ఏడీయూజర్ గురించి రెండు ముక్కలు. అదర్‌ఆట్రిబ్యూట్స్ హాష్‌టేబుల్‌లో ఒక్క విలువ ఖాళీగా ఉన్నా అకౌంట్ మొత్తం ఫెయిల్, ఖాళీవాటిని తీసేసి ఇవ్వాలి. ఇంకోటి, పాస్‌వర్డ్ పాలసీకి సరిపోకపోతే ఎర్రర్ వస్తుంది గానీ అకౌంట్ డిజేబుల్ అయిన స్థితిలో పుట్టేస్తుంది, మళ్లీ నడిపితే "ఇప్పటికే ఉంది" అంటుంది. ఎర్రర్ వచ్చింది కాబట్టి ఏమీ జరగలేదు అనుకోకూడదు. అలాగే కామన్ నేమ్‌గా దొంగ పేరు కాకుండా టోకెన్ పెట్టాం, ఒకే ఓయూలో రెండు ఒకే కామన్ నేమ్‌లు ఉండవు, కావాలని దాచుకున్న డూప్లికేట్ పేర్లు డిస్‌ప్లేనేమ్‌లో ఎన్నైనా ఉండొచ్చు.

పాస్‌వర్డ్‌లు కాపీ చేయాలని అడిగినవాళ్లున్నారు. ఎల్‌డీఏపీ ద్వారా పాస్‌వర్డ్ ఆట్రిబ్యూట్‌కి రాయొచ్చు గానీ చదవలేం, చదవగలిగినా చేయం. ప్రతి అకౌంట్‌కీ పొడవాటి రాండమ్ పాస్‌వర్డ్, ఎక్కడా దాచిపెట్టం. ఫలానా మనిషిగా లాగిన్ అయి చూడాలనుకునే టెస్టర్‌కి ఆ ఓయూలో రీసెట్ హక్కు ఇచ్చాం, మార్చుకుని వాడుకుంటారు. రోజువారీ పనికి ఉద్యోగి, మేనేజర్, ఆడిటర్ అని గుర్తుండే పేర్లతో కొన్ని అకౌంట్లు వేరే ఓయూలో చేత్తో చేసి ఉన్నాయి, స్క్రిప్ట్ వాటి జోలికి వెళ్లదు.

రిఫ్రెష్

పాత స్క్రిప్ట్ రోజూ అన్నీ తుడిచి మళ్లీ సృష్టించేది. సులువే, కానీ ప్రతిసారీ ప్రతి అకౌంట్‌కీ కొత్త ఎస్‌ఐడీ. నిన్న ఫోల్డర్ మీద ఇచ్చిన పర్మిషన్ ఇవాళ ఎవరిదో తెలియని ఎస్-1-5-21 అంకెగా మిగిలేది. డొమైన్‌లో ఆర్‌ఐడీలు (ఎస్‌ఐడీ చివరి అంకెలు) తిరిగి వాడుకోబడవు, ఖర్చయినవి ఖర్చయినట్టే, తుడిచిన ఆబ్జెక్టులు డీఫాల్ట్‌గా 180 రోజులు డేటాబేస్‌లోనే పడి ఉంటాయి. టెస్టర్లు దాన్ని వదిలేయడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు ఎంప్లాయీనంబర్ ఫీల్డ్‌లో టోకెన్ ఉంటుంది. ఇంపోర్ట్ మొదట్లో ఆ ఓయూలోని అందర్నీ ఒకే క్వెరీతో తెచ్చుకుని టోకెన్ బట్టి పోలుస్తుంది: కొత్త టోకెన్ అయితే సృష్టి, ఉన్నదైతే మారిన ఆట్రిబ్యూట్లు మాత్రమే, ఫైల్లో లేనిదైతే డిజేబుల్. తుడిచివేత లేదు. ఒకే ఫైలుని రెండుసార్లు నడిపితే రెండోసారి ఒక్క మార్పూ జరగకూడదు. స్క్రిప్ట్ బాగుందో లేదో నేను చూసేది దీంతోనే, రెండోసారి మార్పులు కనిపిస్తే ఎక్కడో పోలిక తప్పుతోందని అర్థం. మాకు అలా దొరికింది అకౌంట్‌ఎక్స్‌పైర్స్. "ఎప్పటికీ ముగియదు" అనడానికి ఏడీలో రెండు విలువలున్నాయి, 0 ఒకటి, 9223372036854775807 ఇంకొకటి. ఇటు సున్నా ఉంటే అటు పెద్ద అంకె, ప్రతిరాత్రీ మార్చుకుంటూ కూర్చునేది. రెండూ ఒకటేనని పోలికలో చెప్పాల్సి వచ్చింది.

ఒక బ్రేక్ కూడా పెట్టాం: ఫైల్లో ఉన్న అకౌంట్లు కిందటిసారి కన్నా పదో వంతుకు మించి తగ్గితే ఇంపోర్ట్ ఏమీ చేయకుండా ఆగి మెయిల్ పంపుతుంది. ఎక్స్‌పోర్ట్ వైపు సెర్చ్‌బేస్ (ఎక్కడినుంచి వెతకాలో చెప్పేది) ఎవరో మార్చేస్తే టెస్ట్‌లో సగం మంది తెల్లారేసరికి డిజేబుల్ కాకుండా ఉండటానికి.

డేటాబేస్ మిగిలింది

అకౌంట్లు వచ్చాయి, మూడు బగ్గులూ టెస్ట్‌లో మళ్లీ పుట్టించగలిగాం. తనకి తానే మేనేజర్‌గా ఉన్న ఆయన దొంగ పేరుతో యథాతథంగా వచ్చి అప్లికేషన్‌ని మొదటి రోజే పడగొట్టారు, టీమ్ అంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు తెలిసింది, అప్లికేషన్ తన డేటాబేస్‌లో మనుషుల్ని ఎస్‌ఐడీ స్ట్రింగుతో గుర్తుంచుకుంటుందని. ప్రొడక్షన్ డేటాబేస్ కాపీ టెస్ట్‌కి తెస్తే అందులోవన్నీ ప్రొడక్షన్ ఎస్‌ఐడీలు, టెస్ట్‌లో వాటికి మనుషుల్లేరు.

ఎస్‌ఐడీహిస్టరీలో (అకౌంట్ పాత ఎస్‌ఐడీలు ఉండే ఆట్రిబ్యూట్) పాతవి పెట్టేద్దాం అన్నారు ఒకరు. మామూలు ఏడీ కమాండ్లతో అది రాయడం కుదరదు, మైగ్రేషన్ టూల్ కావాలి, ట్రస్ట్ కావాలి, ట్రస్ట్ వద్దనే కదా ఇంత చేసింది. పాత ఎస్‌ఐడీకి కొత్త ఎస్‌ఐడీ ఏదో చెప్పే పట్టిక కావాలి, కానీ ఆ పట్టిక టెస్ట్ వైపు ఉంటే మాస్కింగ్ అంతా వృథా, ఒక్క ఫైలుతో ప్రతి దొంగ పేరూ విప్పేయొచ్చు.

కాబట్టి దాన్ని తిరగేశాం. ఇంపోర్ట్ ముగిశాక టెస్ట్ వైపు నుంచి టోకెన్, కొత్త ఎస్‌ఐడీ అనే రెండు కాలమ్‌ల ఫైలు ప్రొడక్షన్ వైపుకి వెళ్తుంది. అందులో దాచాల్సింది ఏమీ లేదు. అసలు ఎస్‌ఐడీకి టోకెన్ ఏదో ప్రొడక్షన్ వైపుకి ఎలాగూ తెలుసు, రెండింటినీ అక్కడే కలిపి, డేటాబేస్ కాపీలోని ఎస్‌ఐడీలని అక్కడే మార్చి, ఆ తర్వాతే కాపీ బయటికి వస్తుంది. అకౌంట్ల రిఫ్రెష్ రాత్రి, డేటాబేస్ రిఫ్రెష్ వారాంతంలో, ఈ క్రమం తలకిందులైతే కొత్తగా చేరినవాళ్ల పాత రిక్వెస్టులు ఎవరివో తెలియకుండా పోతాయి కాబట్టి డేటాబేస్ జాబ్ ముందుగా ఆ ఫైలు తేదీ చూసుకుంటుంది, పాతదైతే నడవదు.